హాలు నిండింది సరే, ఎవరితో నిండింది? గానబృందాల కార్యవర్గాలకు ఒక బహిరంగ లేఖ

కమ్యూనిటీ క్వయర్లు, అంటే ఊళ్లోవాళ్లు కలిసి పాడే బృందాలు, నడుపుతున్న కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

నేనూ అలాంటి ఒక బృందంలోనే ఆల్టో వరుసలో, అంటే ఆడవాళ్లలో కింది శృతి గొంతుల వరుసలో పాడతాను. నేను పాడని కచేరీలకు తలుపు దగ్గర నిలబడి టికెట్లు చూస్తాను, అయిపోయాక ఫారాలు పోగుచేస్తాను. ఈ ఉత్తరం మా బృందం ఒక్కదానికే రాయడం లేదు. జీతం, లాభం లేకుండా, పాడాలన్న ఇష్టం తప్ప ఇంకో అర్హత అడగకుండా నడిచే బృందాలన్నిటి పెద్దలకూ రాస్తున్నాను. విషయం ఒక్కటే. కచేరీ అయిన వారానికి మీరు రాసే నివేదికలో "కార్యక్రమం విజయవంతమైంది, హాలు కిక్కిరిసిపోయింది, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు" అని ఉంటుంది కదా, మన పాట కొత్తగా ఎవరికైనా చేరిందో లేదో ఆ వాక్యం చదివితే తెలియదు. బృందం పెట్టుకున్న రోజు రాసుకున్న ఆశయాల్లో మాత్రం "సంగీతం అందరిదీ" అని మొదటి వరుసలోనే ఉంటుంది. ఆ అందరిలో ఎంతమంది వచ్చారో దయచేసి లెక్కపెట్టండి అని అడగడానికే ఇదంతా.

ఒక చిన్న లెక్క వేద్దాం. 40 మంది పాడే బృందం అనుకోండి. ఒక్కొక్కరు ఇంట్లోవాళ్లనీ ఆఫీసు స్నేహితులనీ కలిపి నలుగురిని పిలిచినా 160 మంది అవుతారు. హాలులో 200 సీట్లుంటే, ఒక్క పోస్టరూ అంటించకుండా, ఒక్క ప్రకటనా ఇవ్వకుండా హాలు 80 శాతం నిండిపోయినట్టే. మిగిలిన 40 సీట్లలో కూర్చున్నవాళ్ల కోసమే మనం నెల రోజులు తిరిగాం, పోస్టర్లు వేయించాం, వీడియోలు పెట్టాం. కానీ నివేదికలో ఆ 40 మందికి ప్రత్యేకంగా ఒక్క వాక్యం ఉండదు. వాళ్లు 40 మందో, పదిమందో, అసలు ఉన్నారో లేదో కూడా ఎవరికీ తెలియదు. హాలు నిండిందన్న సంతోషంలో ఆ ప్రశ్న ఎవరికీ రాదు.

ఇంట్లోవాళ్లు రావడం చిన్న విషయం అని నేను ఎప్పటికీ అనను. వాళ్లు లేకపోతే ఏ బృందమూ రెండేళ్లు నిలబడదు. రిహార్సల్ రోజున పిల్లల్ని చూసుకునేది వాళ్లు, తప్పు శృతిలో అదే వరుస వందసార్లు ఇంట్లో వినేది వాళ్లు, వాళ్లకు ముందు వరుస ఇవ్వాల్సిందే. అయితే వాళ్ల రాక మన కుటుంబాల ప్రేమను చెప్తుంది, మన ప్రచారం పనిచేసిందని చెప్పదు. రెండిటినీ ఒకే అంకెలో కలిపేస్తే రెండూ కనబడకుండా పోతాయి.

విజయం అంటే ఏమిటో కచేరీకి ముందే కాగితం మీద రాసుకోకపోవడం మన మొదటి లోపం అని నా అభిప్రాయం. తర్వాత రాసుకుంటే ఏది బాగా జరిగితే అదే లక్ష్యం అయిపోతుంది. జనం వస్తే జనం, డబ్బు వస్తే డబ్బు, రెండూ రాకపోతే "అనుభవం". పాత ఉదాహరణ ఒకటి చెప్తాను. 1742 ఏప్రిల్ 13న ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో హ్యాండెల్ అనే సంగీతకర్త 'మెస్సయ్య' అనే తన పెద్ద బృందగానాన్ని మొదటిసారి పాడించాడు. అది మనలాంటి బృందం కాదు, ఊళ్లోని రెండు కెథెడ్రళ్ల (పెద్ద చర్చిల) గాయకులు పాడారు. కానీ ఆ కచేరీ ఎందుకో అందరికీ ముందే తెలుసు. వచ్చిన డబ్బు మూడు ధర్మకార్యాలకు వెళ్లాలి, వాటిలో ఒకటి అప్పులు తీర్చలేక జైల్లో పడి ఉన్నవాళ్లను విడిపించడం. ఎక్కువమంది పట్టాలని, ఆడవాళ్లు గౌన్లకు కింద వేసే పెద్ద వలయాలు లేకుండా, మగవాళ్లు కత్తులు లేకుండా రమ్మని ముందే పత్రికల్లో వేయించారు. 600 మంది పట్టే హాలులో 700 మంది పట్టారు. దాదాపు 400 పౌండ్లు వచ్చాయి, 142 మంది అప్పుల ఖైదీలు బయటికొచ్చారు. ఆ రోజు చప్పట్లు ఎంతసేపు మోగాయో మనకు అనవసరం. ఏం సాధించాలనుకున్నారో అది అంకెతో సహా ఇవాళ్టికీ చెప్పగలుగుతున్నాం. మన కచేరీకి అంత పెద్ద లక్ష్యం ఉండక్కర్లేదు, "బృందంలో ఎవరూ తెలియని 50 మంది రావాలి" అని ఒక్క వాక్యం రాసుకుని, కార్యవర్గం అంతా సంతకం పెట్టి, కచేరీ అయ్యేదాకా దాన్ని మార్చకుండా ఉంటే చాలు.

అది ఎలా తెలుస్తుంది అంటారా? నేను అడిగేది పెద్ద సర్వే కాదు. తలుపు దగ్గర రెండు డబ్బాలు పెట్టండి, మూతకు చిల్లు ఉన్నవి. ప్రోగ్రాం కాగితంతో పాటు ప్రతి మనిషి చేతిలో ఒక చిన్న అట్టముక్క పెట్టండి. డబ్బాల పైన పెద్ద అక్షరాలతో ఒకే ప్రశ్న: "ఈ రోజు పాడేవాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఉన్నారా?" ఒక డబ్బా మీద ఉన్నారు, ఇంకోదాని మీద లేరు. లోపలికి వెళ్తూ వెళ్తూ వేసేస్తారు. పెన్ను అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు, చదవడం కష్టమైనవాళ్లకు వాలంటీరు నోటితో అడిగితే సరిపోతుంది. రాత్రి హాలు ఊడ్చేలోపు రెండు డబ్బాలూ లెక్కపెట్టేయొచ్చు. ఓపిక ఉంటే రెండు రంగుల అట్టముక్కలు పెట్టి, మా కచేరీకి ఇంతకుముందు వచ్చినవాళ్లకు ఒక రంగు, మొదటిసారి వచ్చినవాళ్లకు ఇంకో రంగు ఇవ్వండి. అప్పుడు నాలుగు అంకెలు వస్తాయి: తెలిసినవాళ్లు పాత, తెలిసినవాళ్లు కొత్త, తెలియనివాళ్లు పాత, తెలియనివాళ్లు కొత్త. వీటిలో నాకు అన్నిటికన్నా విలువైనది మూడోది. బృందంలో ఎవరూ తెలియకపోయినా ఒకసారి విని, మళ్లీ తనంతట తాను వచ్చిన మనిషి. వాళ్లు ఏడుగురే ఉండొచ్చు, కానీ ఆ ఏడుగురూ పూర్తిగా పాట కోసమే వచ్చారు.

ఇప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారాల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నివేదికల్లో "98 శాతం మంది అద్భుతం అన్నారు" లాంటి మాటలన్నీ పుట్టేది ఇక్కడే. కచేరీ అయిపోయిన ఆ పది నిమిషాలు హాలు ఎలా ఉంటుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పాడినవాళ్ల మనుషులందరూ స్టేజీ వైపు కదులుతారు. కౌగిలింతలు, ఫోటోలు, "నీ గొంతు వేరుగా వినబడింది" అని అబద్ధమైన పొగడ్తలు, చేతిలో పూలు. వాళ్లు అరగంట దాకా కదలరు. ఎవరూ తెలియని మనిషి మాత్రం చప్పట్లు ఆగీ ఆగకముందే కోటు భుజాన వేసుకుని వెనక తలుపు వైపు నడుస్తాడు. అతనికి అక్కడ ఉండాల్సిన పనేమీ లేదు, ఎవరితోనూ మాట్లాడడు. మన ఫారాల బల్ల ఎక్కడుంటుంది? స్టేజీ పక్కన, పూలదండల దగ్గర. నలుగురు కలిసి పంచుకోవడానికి ఒకటే పెన్ను, అది కూడా ఎవరో జేబులో వేసుకుని వెళ్లిపోతారు. ఇక ఎవరి ఫారాలు వస్తాయి? మన చెల్లెళ్లవి, మన పక్కింటివాళ్లవి. వాళ్లు అద్భుతం అని కాక ఇంకేం రాస్తారు? ఎవరి అభిప్రాయం మనకు నిజంగా కావాలో ఆ మనిషి మన బల్ల వైపు చూడకుండానే మెట్లు దిగిపోయాడు. బల్లను వెనక తలుపు దగ్గరికి జరపండి. ఇది పైసా ఖర్చు లేని మార్పు, దీని వల్ల వచ్చే తేడా మాత్రం చాలా పెద్దది.

ఎంతమంది జవాబిచ్చారు అన్నదానికంటే ఎవరు జవాబిచ్చారు అన్నది ఎందుకంత ముఖ్యమో చెప్పే సంగతి ఒకటుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అన్ని లక్షల జవాబులు చూసి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని రాసింది. కానీ అప్పుడున్న 48 రాష్ట్రాల్లో 46 చోట్ల అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ గెలిచాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ పుస్తకాల నుంచీ కారున్నవాళ్ల జాబితాల నుంచీ. దానికితోడు జవాబివ్వాలన్న పట్టుదల ఉన్నవాళ్లే తిరిగి పంపారు. మిగతా దేశం ఏమనుకుంటుందో ఆ లక్షల కాగితాల్లో లేనే లేదు. అన్ని లక్షల కాగితాలకే ఆ గతి పడితే, స్టేజీ పక్కన పోగైన మన 30 ఫారాల మాట ఏమిటి?

ఫారంలో ఏం అడగాలి అన్నది కూడా ఆలోచించాలి. "కార్యక్రమం ఎలా ఉంది? చాలా బాగుంది / బాగుంది / పర్వాలేదు" అని అడిగితే ఎవరైనా మర్యాదకి మొదటిదే టిక్ పెడతారు. కంపెనీలు వాడే ఇంకో ప్రశ్న ఉంది, "దీన్ని మీ స్నేహితుడికి సిఫారసు చేస్తారా, 0 నుంచి 10 దాకా అంకె వేయండి" అని. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే అమెరికా వ్యాపార సలహాదారు రాసిన వ్యాసంతో అది ప్రపంచమంతా పాకింది. 9, 10 వేసినవాళ్ల శాతంలోంచి 6, అంతకంటే తక్కువ వేసినవాళ్ల శాతం తీసేస్తారు. అడగండి, తప్పులేదు, కానీ ఎవరూ తెలియనివాళ్ల అంకెలు విడిగా చూడకపోతే అది కూడా బంధుత్వాల కొలతే అవుతుంది. నాకు నచ్చే ప్రశ్నలు వేరే. "ఏ పాట దగ్గర మీకు విసుగొచ్చింది?" అని అడగండి, సిగ్గుపడకండి. "వచ్చేముందు మీకు ఏదైనా సందేహం ఉండిందా?" అని అడగండి. మర్యాద అడ్డురాని ప్రశ్నలు ఇవి. నాలుగు ప్రశ్నలు దాటొద్దు. జవాబు చూసి మనం ఏదీ మార్చనప్పుడు ఆ ప్రశ్న అడగడం ఎందుకు? వయసు, జీతం, ఇంటి చిరునామా ఇవన్నీ ఎవరో గ్రాంటు ఫారంలో అడిగారని మనమూ అడుగుతున్నాం, తీరా వాటిని ఎవరూ చూడరు. ఫోన్ నంబరు తీసుకుంటే ఎందుకు తీసుకుంటున్నామో అక్కడే రాయండి, వద్దన్నవాళ్లకు మెసేజ్ పంపకండి.

నిలబడి చప్పట్లు కొట్టడం గురించి కూడా రెండు మాటలు. ముందు మూడు వరుసల్లో మనవాళ్లే ఉంటారు, వాళ్లు లేస్తారు, వెనకవాళ్లకు స్టేజీ కనబడదు కాబట్టి వాళ్లూ లేస్తారు. దాన్ని ఎంత ఆనందంగా తీసుకోవాలో అంత ఆనందంగా తీసుకుందాం, నివేదికలో రుజువుగా మాత్రం వాడకండి. దానికంటే గట్టి రుజువు విరామం దగ్గర దొరుకుతుంది. విరామానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సీట్లు లెక్కపెట్టండి, ఎన్ని ఖాళీ అయ్యాయో, ఏ వైపు ఖాళీ అయ్యాయో. సోలో పాడే పిల్లలు మొదటి సగంలోనే అయిపోతే వాళ్ల కుటుంబాలు వెళ్లిపోతాయి, అది వేరు. వెనక వరుసల్లో ఒంటరిగా కూర్చున్నవాళ్లు విరామం తర్వాత మళ్లీ వచ్చి కూర్చున్నారా? నేను తలుపు దగ్గర ఉన్నప్పుడు చూసేది అదే. ఇంకొకటి, ఉచిత పాస్‌లు ఇచ్చే కచేరీల్లో "300 మంది నమోదు చేసుకున్నారు" అని రాసేస్తున్నారు. నమోదు వేరు, రావడం వేరు. డబ్బు పెట్టని టికెట్‌ని వాన పడినా వదిలేస్తారు. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి, వచ్చేసారి ఎన్ని పాస్‌లు ఎక్కువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది.

ఆన్‌లైన్ అంకెల దగ్గరికొస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే మన ప్రచారం చేసే కుర్రాళ్లు రాత్రుళ్లు కూర్చుని వీడియోలు కోసి, అక్షరాలు వేసి, ఎంతో కష్టపడతారు. తర్వాత నివేదికలో "పోస్టు 12 వేల మందికి చేరింది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాం. ఆ అంకె ఏమిటో ముందు చూడండి. ఎంతమందికి చేరింది అన్నది ఒకటి, ఎన్నిసార్లు కనబడింది అన్నది ఇంకొకటి. ఒకే మనిషికి నాలుగుసార్లు కనబడితే రెండో అంకె నాలుగు పెరుగుతుంది. ఫేస్‌బుక్‌లో చాలా ఏళ్లు మూడు సెకన్లు వీడియో ఆడినా ఒక వ్యూ అన్నట్టే లెక్క ఉండేది, అంటే బొటనవేలు కాసేపు ఆగితే చాలు. 2016లో ఆ కంపెనీయే ఒప్పుకుంది కదా, మూడు సెకన్ల కంటే తక్కువ చూసినవాళ్లను లెక్కలోంచి వదిలేయడం వల్ల వీడియోలు సగటున ఎంతసేపు చూస్తున్నారన్న అంకె రెండేళ్ల పాటు ఉన్నదానికంటే ఎక్కువగా చూపించామని. ఇక లైకులు ఎవరివో తెరిచి చూడండి, సొప్రానో వరుస (మన బృందంలో పై శృతిలో పాడే ఆడవాళ్లు) మొత్తం అక్కడే ఉంటుంది. నేను అడిగేది, పోస్టు చూసి టికెట్ పేజీ దాకా ఎంతమంది వెళ్లారు, అక్కడి నుంచి ఎంతమంది తీసుకున్నారు, వాళ్లలో ఎంతమంది తలుపు దాటి లోపలికొచ్చారు. ఈ మూడూ రాయండి. పన్నెండు వేలు పక్కన ఆరు అనే అంకె కనబడితే కుర్రాళ్ల కష్టం వృథా అయిందని కాదు అర్థం, ఆ కష్టాన్ని ఇంకెక్కడ పెట్టాలో తెలుస్తుంది.

పోస్టర్లకు ఒక్కో చోట ఒక్కో క్యూఆర్ కోడ్ పెట్టడం మంచి పనే, గ్రంథాలయం గోడ మీద ఒకటి, బస్సు స్టాపులో ఒకటి, ఆసుపత్రి నోటీసు బోర్డులో ఒకటి. అయితే దాన్ని పూర్తిగా నమ్మకండి. చాలామంది గోడ మీద పోస్టరు చూసి, కోడ్ స్కాన్ చేయకుండా, ఇంటికెళ్లాక బృందం పేరు వెతుక్కుని టికెట్ తీసుకుంటారు. కంప్యూటరుకు అది "సెర్చ్ నుంచి వచ్చారు" అని కనబడుతుంది, పోస్టరుకు సున్నా పడుతుంది, వచ్చే ఏడాది ఎవరో లెక్కలు చూసి పోస్టర్లు మానేద్దాం అంటారు. అందుకే టికెట్ దగ్గర "మొదట ఎక్కడ విన్నారు, తర్వాత ఇంకెక్కడైనా చూశారా" అని రెండు జవాబులకూ చోటివ్వండి. ఎక్కువమంది ఒకే మాట వినో, ఒకే పోస్టరు చూసో రారు. రెండు మూడు చోట్ల తగిలాక, తెలిసినవాళ్లెవరో "నేనూ వెళ్తున్నా" అన్నాక కదులుతారు.

ఇంతవరకు చెప్పినదంతా వచ్చినవాళ్ల గురించి. రానివాళ్ల సంగతి ఏ డబ్బాలోనూ పడదు. నిజానికి ప్రచారం గురించి మనకు తెలియాల్సిన సంగతుల్లో సగం వాళ్ల దగ్గరే ఉన్నాయి. దయచేసి వంద ఫారాలు పక్కనపెట్టి, మన కచేరీకి ఎప్పుడూ రాని పదిమందితో కూర్చుని మాట్లాడండి. ఎందుకు రాలేదు అని నిలదీయకుండా, సాయంత్రాలు ఎలా గడుస్తాయి, పాట ఎక్కడ వింటారు అని అడగండి. మనం ఊహించని కారణాలు బయటపడతాయి. ఎంతసేపు ఉంటుందో పోస్టరులో రాయలేదు, ఆఖరి బస్సు దొరుకుతుందో లేదో అన్న టెన్షన్. హాలుకు మెట్లున్నాయి, చక్రాల కుర్చీకి దారి ఉందో లేదో ఎక్కడా లేదు, ఫోన్ చేసి అడగడానికి మొహమాటం. పసిబిడ్డ ఏడిస్తే అందరూ తిరిగి చూస్తారని భయం. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియదు, ఏ బట్టలు వేసుకోవాలో తెలియదు, "అది చదువుకున్నవాళ్లు వెళ్లేదేమో" అన్న అనుమానం. వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దవాళ్లు హాలులో అంతా గోలగానే వినిపిస్తుందని మానేస్తారు. ఇండక్షన్ లూప్ (మైకు శబ్దాన్ని వినికిడి యంత్రాలకు పంపే తీగ ఏర్పాటు) ఉన్న హాలైతే, వాళ్ల యంత్రంలో దాన్ని అందుకునే టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటే, మైకు శబ్దం నేరుగా చెవిలోకే వస్తుంది. ఆ సదుపాయం ఉండి కూడా పోస్టరు మీద రాయని బృందాలను చూశాను. ఇవేవీ పాట బాగోలేక వచ్చిన సమస్యలు కావు. పోస్టరులో నాలుగు వాక్యాలు చేర్చితే వీటిలో సగం తీరతాయి, తీరాయో లేదో వచ్చే కచేరీలో "తెలిసినవాళ్లు లేరు" డబ్బా చెప్తుంది.

వృద్ధాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో, బడుల్లో మనం వెళ్లి పాడేవాటిని కూడా హాలు కచేరీలాగే తలలు లెక్కపెట్టి రాస్తున్నారు. అది తప్పు. ఎనిమిది మంది మంచాల మధ్య పాడిన అరగంటను ఎనిమిది అన్న అంకెగా రాస్తే అది ఎప్పుడూ హాలు ముందు ఓడిపోతుంది, మెల్లగా కార్యవర్గం దాన్ని మానేస్తుంది. అక్కడ అడగాల్సింది అక్కడి సిబ్బందిని: మేం వెళ్లాక ఎవరైనా పాట గురించి మాట్లాడారా, ఎవరైనా మాతో గొంతు కలిపారా, మళ్లీ రమ్మంటారా. మళ్లీ రమ్మని వాళ్లే ఫోన్ చేస్తే అంతకంటే కొలత ఏం కావాలి?

గ్రాంట్లు ఇచ్చేవాళ్లు, స్పాన్సర్లు కూడా ఇది చదువుతుంటే ఒక్క మనవి. మీరు ఫారంలో "సీట్లు నిండిన శాతం" అని ఒక్క గడి పెట్టి, దాన్ని బట్టి వచ్చే ఏడాది డబ్బు ఇస్తే, బృందాలు ఏం చేస్తాయో నేను చూస్తున్నాను. పెద్ద హాలు వదిలేసి చిన్న హాలు తీసుకుంటారు, శాతం పెరుగుతుంది. మిగిలిన సీట్లకు సాయంత్రం నాలుగింటికి పాస్‌లు పంచుతారు. కొత్త వీధికి వెళ్లి పాడే సాహసం మానేస్తారు, అక్కడ సీట్లు ఖాళీగా ఉంటాయని భయం. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో డబ్బు విధానాల గురించి చెప్పిన సంగతి ఇక్కడ అచ్చంగా వర్తిస్తుంది, ఒక కొలతను పట్టుకుని అదుపు చేయాలని చూస్తే ఆ కొలత పనికిరాకుండా పోతుందని. కార్యవర్గాలు మోసం చేస్తున్నాయని నేను అనడం లేదు. మీరు అడిగిన అంకెను అవి మీకు ఇస్తున్నాయి, అంతే. మీరు ఎవరూ తెలియకుండా వచ్చినవాళ్ల సంఖ్య అడగండి, మళ్లీ వచ్చినవాళ్ల సంఖ్య అడగండి, ఏం ప్రయత్నించి విఫలమయ్యారో ఒక పేరా రాయమనండి, ఆ పేరా రాసినందుకు డబ్బు తగ్గించకండి.

మళ్లీ కార్యవర్గాల దగ్గరికి. పాడేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి, ఇది కొందరికి వింతగా అనిపించవచ్చు. కమ్యూనిటీ క్వయర్‌లో స్టేజీ మీదున్నవాళ్లు కూడా ఆ సమాజమే కదా. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కొత్తగా మొదలైన తరగతులను ఏడు నెలలు గమనించి ఒక సంగతి ప్రచురించారు: పాట తరగతుల్లో చేరినవాళ్లు, చేతిపనులు, రచన నేర్చుకునే తరగతుల వాళ్లకంటే ముందే ఒకరికొకరు దగ్గరయ్యారు. ఏడు నెలలయ్యేసరికి అన్ని తరగతులవాళ్లూ దగ్గరయ్యారు, కానీ పాటవాళ్లు త్వరగా. ఈ మేలు మన బృందంలో ఎంతమందికి అందుతోంది? కచేరీ అయిన రెండు నెలలకు ఎంతమంది రిహార్సల్‌కి వస్తున్నారో చూడండి. కచేరీ టెన్షన్ తట్టుకోలేక ఎంతమంది మానేశారో చూడండి. హాలు నిండి, తర్వాతి నెలలో టెనర్ వరుసలో (పై శృతిలో పాడే మగవాళ్లలో) ముగ్గురు మాయమైతే దాన్ని విజయం అని ఎలా రాస్తాం? అలాగే వెనక తలుపు దగ్గర ఆ బల్ల మీదే ఒక కాగితం పెట్టండి, "మాతో పాడాలనుందా?" అని. ఎంతమంది పేర్లు రాశారో ఒక అంకె. వాళ్లలో ఎంతమంది మొదటి రిహార్సల్‌కి వచ్చారో ఇంకో అంకె. ఆ రెండిటి మధ్య ఎంత మంది జారిపోయారో అది మూడో అంకె, దాని గురించి బాధ్యత మనది, ఎందుకంటే సాధారణంగా వాళ్లకు ఎవరూ తిరిగి ఫోన్ చేయరు.

పాట బాగా పాడామా లేదా అన్నది కూడా లెక్కలో భాగమే, కానీ దాన్ని ప్రేక్షకుల మీద తోయకండి. అది మన పని. వాయిద్యాలు లేకుండా పాడిన పాట అయిపోగానే పియానో మీద మొదలుపెట్టిన స్వరం ఒకసారి నొక్కి చూస్తే ఎంత దిగిపోయామో తెలుస్తుంది. రికార్డింగ్ విని, పాట నడిపించే నిర్వాహకుడు నిజాయితీగా రెండు పేజీలు రాస్తే చాలు, అది బృందం లోపల ఉంటే సరిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి చేయమని అడగడం లేదు. మనందరికీ ఉద్యోగాలున్నాయి, ఇళ్లున్నాయి, ఈ పనికి దొరికేది ఆదివారం సాయంత్రమే. వచ్చే కచేరీకి మూడు పనులు మాత్రం చేయండి. బృందంలో ఎవరూ తెలియనివాళ్లు ఎంతమంది రావాలో ముందే ఒక అంకె రాసి నోటీసు బోర్డులో పెట్టండి. తలుపు దగ్గర రెండు డబ్బాలు పెట్టండి. ఫారాల బల్ల వెనక తలుపు దగ్గరికి మార్చండి. అంకె చిన్నదొస్తే చిన్నదే రాయండి, నివేదిక మొదటి పేజీలోనే రాయండి, వచ్చే ఏడాది దాని పక్కన ఇంకో అంకె రాయడానికి ఖాళీ వదలండి. అట్టముక్కలు కత్తిరించే పనీ, తలుపు దగ్గర నిలబడే పనీ, రాత్రి లెక్కపెట్టే పనీ మా బృందంలో నేను చేస్తానని కార్యవర్గానికి ఇప్పటికే చెప్పాను. మీ బృందంలో కూడా ఆ పనికి ముందుకొచ్చే మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు, అడిగి చూడండి.

ఇట్లు,
ఆల్టో వరుస నుంచి ఒక సభ్యురాలు